మోకాలి వైద్యం, మంచు మీద హాకీ

బడి మెట్ల మీద జారి పడి మోకాలి లిగమెంటు తెగింది. ఆపరేషన్ అయ్యాక నెలన్నర పాటు రోజూ పొద్దున ఏడున్నరకు నాచారం నుంచి ఉప్పల్‌లోని ఫిజియోథెరపీ క్లినిక్‌కి ఆటోలో వెళ్లేదాన్ని. వాకర్ పట్టుకోకుండా అడుగు పడేది కాదు. అక్కడ గోడ మీది టీవీలో ఐస్ హాకీ నడుస్తుండేది. అమెరికాలో రాత్రి ఆడే ఆటలు మనకు ఆ వేళకు వస్తాయి.

"ఈ ఆట ఎందుకు పెడతావమ్మా?" అని ఫిజియో అమ్మాయిని అడిగాను.

"వాళ్ల మోకాళ్లు సూడండి మేడం, ఎట్ల వంగుతున్నయో! మీకు గూడ గట్లనే వంగాలె," అంది.

మోకాళ్ల సంగతి అటుంచి, నాకు ఆడే వస్తువే కనిపించలేదు. తెల్లటి మంచు మీద నల్ల రబ్బరు బిళ్ల ఈగలా ఎటో పోయేది. అందరూ కర్రలెత్తి కౌగిలించుకున్నాకే గోల్ పడిందని తెలిసేది.

పక్క మంచం మీద మౌలాలి నుంచి వచ్చే పెద్దాయన ఒకరు ఉండేవారు. ముప్పై ఏళ్లు లారీ నడిపిన మనిషి. పక్షవాతంతో కుడి చెయ్యి పడిపోయింది, మాట ముద్దగా వచ్చేది. నాకంటే రెండు నెలల ముందు నుంచి వస్తున్నారు కాబట్టి ఆయనకు ఆట వంటబట్టేసింది.

"బిళ్లను సూడకు టీచరమ్మా. మనుషులు ఎటు తిరుగుతున్నరో సూడు. బిళ్ల ఆడనే ఉంటది," అన్నారు.

అలా చూస్తే మూడు రోజుల్లో కళ్లు కుదిరాయి. ఆటగాళ్లు నిమిషమైనా కాకుండానే బయటికి దూకడం, కొత్తవాళ్లు దిగడం వింతగా ఉండేది. "లాంగ్ ట్రిప్పుల డ్రైవర్లు మారినట్టు. అలిసినోడు బండి నడపొద్దు," అన్నారాయన. ఆఫ్‌సైడ్ అనే నియమం మాత్రం ఎంతకీ బుర్రకెక్కలేదు.

"ఆ నీలం గీత చెక్‌పోస్ట్ అనుకో. ముందు సరుకు దాటాలె, తర్వాతనే మనుషులు. మనుషులు ముందు ఉరికితే ఈల ఊదుతరు."

ఇరవై ఏళ్లుగా లెక్కలు చెబుతున్నాను. అంత తేలిగ్గా నేనెవరికీ ఏదీ చెప్పలేదేమో అనిపించింది.

ఎర్ర జెర్సీల జట్టు మా ఇద్దరిదీ అయిపోయింది. ఒక పొద్దున స్కోరు సమమై అదనపు సమయానికి వెళ్లింది. మావాడొకడు గోల్ కీపర్ మీదికి ఒంటరిగా దూసుకుపోతుండగా కరెంటు పోయింది. ఫిజియో అమ్మాయి గది చివర తన బల్ల మీద ఫోన్‌లో పెట్టి, "జల్ది రండి!" అని కేకేసింది. వెళ్లాను. ఫోన్‌లో ఆట కాస్త వెనకగా వస్తోంది కాబట్టి అదే ఘట్టం దొరికింది. కీపర్ కాలు అడ్డం పెట్టేశాడు. మరుక్షణం అవతలివాళ్లు గోల్ కొట్టారు. అదనపు సమయంలో మొదటి గోల్ కొట్టినవాళ్లదే ఆట. ఓడిపోయాం.

ఆ అమ్మాయి ఫోన్ వైపు చూడటం లేదు.

"మేడం, మీ వాకర్ ఏడ?"

అది మంచం దగ్గరే ఉంది. ఏడెనిమిది అడుగులు ఊతం లేకుండా వేసేశాను. ఆ సంగతి తెలిశాక గబుక్కున బల్ల పట్టుకున్నాను. పెద్దాయన పడి పడి నవ్వారు. "ఓడితే ఓడిన్రు తియ్. నువ్వైతే నడిచినవ్!"

బడికి తిరిగి వెళ్లాక ఆదివారాలే ఆట దొరికేది. ఒక ఆదివారం పొద్దున మౌలాలిలో ఆయన ఇంటికి వెళ్లాను. ఆయన భార్య చాయ్ తెచ్చి, మా పక్కన కూర్చుని కాసేపు చూశారు.

"గా ఎర్రంగీ పిలగాడు ఒక్కడే అద్దాల పెట్టెల కూసున్నడేంది?"

"తప్పు చేశాడమ్మా. రెండు నిమిషాలు క్లాసు బయట నిలబెట్టినట్టు," అన్నాను.

ఆవిడ తల పంకించి, "పాపం, చాయ్ అన్న ఇయ్యరా?" అన్నారు.