వరహాలమ్మ గింజల బడి

వరహాలమ్మ నోటికి రాయపూర్ రైలు కాలనీ అంతా దడుచుకునేది. దేశానికి స్వరాజ్యం వచ్చిన కొత్త రోజులవి. ఆమె మొగుడు బంగారయ్య గూడ్సుబండి గార్డు. బొబ్బిలిలో ఎనిమిదో తరగతి దాకా చదివిన ఇల్లాలు కాలనీలో ఇంకొకతె లేదు కనక, తెలుగు పిల్లలకు ఆమె వసారాయే బడి, ఆమే పంతులమ్మ. ఆమె సరేనంటే పెద్దబడి హెడ్మాస్టరు పిల్లను ఒకటో తరగతిలో చేర్చుకునేవాడు. కాదంటే ఆ పిల్ల చదువు అంతటితో సరి. అంత పెత్తనం చేతికొచ్చాక కాళ్లు నేల మీద ఆనుతాయా?

ఆమె పరీక్ష ఒకటుండేది. నేల మీద రెండు చింతగింజలు, ఒక గాజుముక్క, మళ్లీ రెండు చింతగింజలు, ఒక గాజుముక్క పెట్టి, "తరవాతేటి?" అని గుడ్లురిమేది. పిల్లలు వరస కనిపెట్టి అలాగే పేర్చుకుపోవాలి. వరస పట్టుకోలేనివాడికి లెక్కలు రావంటుంది. అందులో తప్పులేదు. తప్పల్లా ఆ నోటిది.

ఈ కాలనీ పిల్లలకు ఓ వింత అలవాటు. వరసంతా చక్కగా పేర్చి, చిట్టచివర ఏ గులకరాయో, బొత్తామో పెట్టేవారు. "ఎవడ్రా నీకిది నేర్పింది? దిమాగ్ ఉందా?" అని వేళ్ల మీద ఒక్కటిస్తే మానేసేవారు. ఎందుకు పెట్టావని ఒక్కణ్ణీ అడిగిన పాపాన పోలేదు మహాతల్లి! తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు.

పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ కూతురు చిన్నమ్మ మాత్రం మానలేదు. ఎన్ని దెబ్బలు తిన్నా, చివర్న గౌను జేబులోంచి ఓ ఎర్ర గురివింద గింజ తీసి పెట్టేది. పెద్దబడిలో చేర్చే ముందురోజూ అదే పని చేసింది.

"ఓలమ్మో! ఇదేం గుంటే!" అని వరహాలమ్మ దాని తల్లిని కేకేసి పిలిచింది. "ఒలే పైడమ్మా, ఈ మట్టిబుర్రని పంపించి నా పరువు తీసుకోమంతావేటి? ఇది పేడెత్తడానికి పనికొస్తాది. తీసుకుపో."

పైడమ్మ చేతులు జోడించింది. "అలగనకండి పంతులమ్మగారూ. రేపు బడిలో ఎయ్యకపోతే తెలీబంధా పేటలో సేటింట్లో పిల్లనెత్తుకోడానికి ఎట్టేస్తానంతన్నాడు దీని బాబు."

"ఎట్టీమను. జల్దీ ఎట్టీమను," అంది ఆ చదువుల తల్లి.

మధ్యాహ్నం బంగారయ్య డ్యూటీ దిగి వచ్చాడు. వసారాలో చిన్నమ్మ పేర్చిన గింజలు ఇంకా అలాగే ఉన్నాయి. చూసి పకపకా నవ్వాడు.

"బలే! ఈ గూడ్సుబండి ఎవరు కట్టేరే? ఎనకాల ఎర్రదీపం కూడాను!"

"బండేటి?"

"బండి కాకపోతే ఏటే? ఈ గుంటలకి పొద్దస్తమానం బండాటే కదా. గార్డుపెట్టె తగిలించందే బండి పూర్తవదు. ఎనకాల ఎర్రదీపం లేదంటే బండి దారిలో తెగిపోయిందని లెక్క. గార్డు పెళ్లానివి, ఆమాత్రం తెలీదేటే నీకు?"

ఏళ్ల తరబడి గార్డు జీతమే తిన్న మనిషి! వరహాలమ్మకు సిగ్గేసింది. ఇన్నాళ్లూ కొట్టిన వేళ్లన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. గింజలు కొంగులో పోసుకుని, చెప్పులైనా వేసుకోకుండా పైడమ్మ ఇంటికి పరుగెత్తింది.

"రేపు నేనే దగ్గరుండి చేరుస్తానే. తప్పు నాదే," అని గుమ్మంలోనే చతికిలబడి, గింజలు తానే పేర్చింది. "ఏదీ చిన్నమ్మా, తరవాతేటి? నీకు తోచినట్టే ఎట్టు తల్లీ."

చిన్నమ్మ గింజల వంక చూడలేదు. వరహాలమ్మ చేతివంకే చూస్తూ, తన వేళ్లు వెనక్కి దాచుకుంది.

"ఏటెడితే కొట్టరో మీరే సెప్పండి పంతులమ్మగారూ. అదే ఎడతాను."