పది అడుగుల వట్టి నేల

ఒక శుక్రవారం మధ్యాహ్నం మా వరస ఇళ్ల వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. "మన తోట పెద్దాయన ఇక లేరు. బస్సులో వస్తూ గుండెపోటు." దాని కింద ఐదు నిమిషాల్లో పదకొండు జతల దణ్ణం పెట్టే చేతులు ప్రత్యక్షమయ్యాయి. వాటిలో తొమ్మిది జతలు, ఆ పెద్దాయన్ని ఇక్కణ్ణుంచి పంపించేయమని పోయినేడాది ఫిర్యాదు మీద సంతకం పెట్టిన చేతులే. నాకు ఒళ్లు మండిపోయింది. అయితే ఆ ఫిర్యాదు రాసింది నేను. చదివేవాళ్లకి ముందే చెబుతున్నాను, ఇందులో కోపం చాలా ఉంటుంది. అందులో ఎక్కువ భాగం నా మీద నాకున్నదే.

మేముండేది ఒమాన్‌లో, నిజ్వా ఊరి చివర. ఒకే ఓనరువి ఎనిమిది ఇళ్లు, ఒకే వరసలో. వాటి వెనకే వేరెవరిదో పాత ఖర్జూరపు తోట. కొండల్లోంచి దానికి నీళ్లు తెచ్చే ఫలజ్ కాలువ ఏళ్ల కిందటే ఎండిపోయింది. తోట దాటితే వాగు, ఆ వాగు నిండా మనిషి దూరలేనంత దట్టంగా సర్కారు తుమ్మ. నేను గోదావరి జిల్లా దాన్ని, ఇక్కడి హాస్పిటల్లో నర్సుని. అద్దెకు దిగిన రోజు వెనక తలుపు తీసి, "అబ్బ, ఎంత పచ్చగా ఉందో" అని మురిసిపోయాను. పచ్చదనమంతా చెట్ల నెత్తిన ఉన్న నాలుగు ఆకుల్లోనే ఉంది. కింద నేల దాకా వేలాడేవన్నీ ఎండు మట్టలే. వాటి కింద మోకాలెత్తు గడ్డి, పీచు, రాలిన తుక్కు, మా గోడల వరకూ.

అది చూడగలిగిన మనిషి మా వరస చివరి రూమ్‌లో ఉండేవాడు. జగిత్యాల వైపు నుంచి మా ఓనరు తోటలో పనికి వచ్చాడు. ఊళ్లో తాతల నాటి నుంచీ తాటిచెట్లెక్కి కల్లు గీసిన ఇల్లు. చెట్టెక్కే తాడుని వాళ్లు మోకు అంటారు. ఆ మోకుని బట్టల మధ్య చుట్టి విమానంలో తెచ్చుకున్నాడు. తోటివాళ్లు ఆయన్ని కాకా అనేవారు. మా వైపు ఆ పిలుపు లేదు, కాబట్టి నాకు బాబాయ్ అయ్యాడు. ఆయన నన్ను మొదట సిస్టరమ్మా అన్నాడు, వారం తిరక్కుండానే బిడ్డా అన్నాడు.

వాగులో ఆ కంప చూసి ఆయన అన్న మొదటి మాట నాకిప్పటికీ నవ్వు తెప్పిస్తుంది. "సర్కారు తుమ్మ ఈడికి గూడ వచ్చిందా బిడ్డా! మనకన్న ముందుగాల దీనికే వీసా దొరికింది." తర్వాత ఖర్జూరపు చెట్ల వైపు తిరిగి మొహం చిట్లించాడు. "గీ చెట్లకు గడ్డాలు వెరిగినయ్. గొరగాలె."

గొరగడం మొదలుపెట్టాడు. ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. ఓనరు తోటలో డ్యూటీ ఎనిమిదింటికి. ఆరింటికల్లా నడుముకి మోకు బిగించి, రంపపు కొడవలితో చెట్టెక్కేవాడు. ఎండిన మట్టలు కోసి కింద పడేసేవాడు. దిగాక పళ్ల పారతో తుక్కంతా లాగేవాడు. గోడ నుంచి పది అడుగులు తన కాళ్లతో కొలిచి, అంతవరకూ గడ్డి పరక లేకుండా గీకి, మట్టి బయటపెట్టేవాడు. వంటింటి పొగ పోయే కంతలకి ఇనుప జాలీ కట్టాడు. ఏసీ డబ్బాల వెనక ఇరుక్కున్న ఆకులు వేళ్లతో తీశాడు. కోసిన మట్టల్లో కొన్ని మేకల దొడ్లకి ఇచ్చేవాడు, మిగిలినవి ఇళ్లకి దూరంగా గులకరాళ్ల నేల మీదికి మోసుకుపోయేవాడు. అక్కడే అంటించేయొచ్చుగా అని నేనంటే కసురుకున్నాడు. "కాలవెట్టుడు సోమరోని పని బిడ్డా."

పని చలికాలంలోనే చేయాలనేవాడు. ఎండలు ముదిరాక రాయికి కొడవలి తగిలి రవ్వ లేచినా చాలట. ఇంకొక మాట తరచూ అనేవాడు. "మంట దానంతటది ఇంటికి రాదు. మనం బాట ఏస్తెనే వస్తది." ఈ మాట ఎన్నిసార్లు విన్నానో. వింటూ టీ తాగేదాన్ని, ఆవులించేదాన్ని. ఒక్కసారీ వెనక్కి తిరిగి నా గోడ చూసుకోలేదు.

చూసుకుని ఉంటే తెలిసేది, ఆ బాట నా ఇంటి వెనకే ఉంది. వంటింటి గోడకి ఆనించి ఖర్జూరపు మట్టలతో పందిరి వేయించుకున్నాను. దాని మీద దొండపాదు. పాదు ఎప్పుడో ఎండిపోయింది కానీ నీడ మాత్రం నీడే. శుక్రవారం చర్చి ప్రార్థన కూడికయ్యాక మా వాళ్లంతా ఆ పందిరి కిందే భోంచేసేవాళ్లు. గ్యాస్ సిలిండర్ కూడా అక్కడే ఉండేది. వరస చివరి నుంచి ఒక్కో ఇల్లే చేసుకుంటూ వచ్చి, ఏడిళ్లు పూర్తయ్యాక ఆయన నా పందిరి ముందు ఆగాడు.

"ఇది తీసెయ్యి బిడ్డా. గోడకానుకొని ఏదుండద్దు. నీడ కావాల్నంటె ఇనుప రేకు నేనే ఏస్త."

"రేకు కింద ఉడికిపోతాం బాబాయ్. మీరు దీని జోలికి రాకండి."

ఆయన రాలేదు. కానీ నా పందిరికి ఎదురుగా ఉన్న చెట్లయినా గొరుగుదామని మర్నాడు పొద్దున్నే ఎక్కాడు. నేను రాత్రంతా డ్యూటీ చేసి వచ్చి అప్పుడే పడుకున్నాను. తలగడ పక్కనే రంపం కోస్తున్నట్టుంది. కిటికీ తీసి అరిచాను.

"ఏంటి బాబాయ్ పొద్దున్నే ఈ గోల! నైట్ చేసొచ్చాను!"

"ఒక్కటే చెట్టు బిడ్డా. కండ్లు మూస్కో, అయిపోతది."

ఆయన ఒక్క చెట్టంటే ఆరు. అలా నాలుగు రోజులు. ఐదో రోజు ఏడో నంబరు ఇంటి లెక్కల మాస్టారు మా గుమ్మం ముందుకొచ్చాడు. ఇక్కడి ఇండియన్ స్కూల్లో చెబుతాడు, చెడ్డవాడు కాదు, భయస్థుడు. "మేడమ్, అవి ఎవరి చెట్లో ఏంటో. పర్మిషన్ లేకుండా కోస్తున్నాడు. రేపు కేసైతే మన అందరి కాగితాల మీదికీ వస్తుంది. మీకు ఇంగ్లీషు బాగా వచ్చు కదా, ఓనరు మేనేజర్‌కి ఒక లెటర్ రాయండి."

రాశాను. నిద్ర లేని కళ్లతో, గంటలో, చక్కటి ఇంగ్లీషులో రాశాను. 'అనుమతి లేని పనులు,' 'రోగులకు సేవచేసే మా విశ్రాంతికి భంగం.' అవును, రోగుల్ని కూడా వాడుకున్నాను. తొమ్మిది మంది సంతకాలు చేశారు. వారంలో మేనేజర్ ఆయన్ని ఇబ్రీ వైపున్న ఓనరు ఇంకో తోటకి పంపించేశాడు. వెళ్తూ ఆయన నా వెనక తలుపు దగ్గర నిలబడి, "పందిరి సంగతి మర్వకు బిడ్డా" అన్నాడు. నేను లోపలి నుంచే, "సరే బాబాయ్" అన్నాను.

వెళ్లిపోయాక కూడా వచ్చేవాడు. వారానికి ఉన్న ఒక్క సెలవు శుక్రవారం. ఆ రోజు బస్సెక్కి వచ్చి, ఆ ఏడిళ్ల వెనక మొలిచిన గడ్డి గీకి, రాలిన తుక్కు ఊడ్చి, మళ్లీ బస్సెక్కేవాడు. మా కూడికకి వచ్చినవాళ్లు పందిరి కింద కూర్చుని, "ఈయనకేం పనీ పాటా లేదా" అని నవ్వుకునేవాళ్లు. వాళ్లతో పాటు నేనూ నవ్వాను. ఒకసారి బిర్యానీ పళ్లెం ఇచ్చాను. ఆ పళ్లెం తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

ఆ జూన్‌లో వాగులో ఎవరో చెత్త తగలబెట్టారు. వడగాలి లేచింది. నేను మళ్లీ నైట్ చేసి పడుకునే ఉన్నాను. మాస్టారి భార్య తలుపు బాదితే లేచాను. సర్కారు తుమ్మ అంటుకుంది, దాని నుంచి తోట. నిలువునా వేలాడే మట్టలు పట్టుకుని మంట చెట్ల తలల దాకా పాకింది. ఏడిళ్ల వెనక గొరిగిన చెట్ల దగ్గరికి వచ్చేసరికి దానికి ఎక్కడానికి ఏమీ దొరకలేదు. వట్టి నేల అంచుదాకా వచ్చి, అక్కడే బుసబుసలాడి చచ్చిపోయింది. నా ఇంటి వెనక మాత్రం గడ్డి మీంచి పందిరికి, పందిరి మీంచి వంటింట్లోకి నడిచొచ్చింది. సిలిండర్‌ని బయటికి లాగింది మాస్టారే. ఆయన అరచేతులు కాలిపోయాయి. ఆ మాట చెప్పకపోతే నాది అన్యాయమవుతుంది.

మంటలార్పిన ఒమానీ ఆఫీసరు ఆ మట్టి మీద బూటుతో ఒక గీత గీసి, మా వైపు చూశాడు. "యే కిస్నే కియా?" అని, ఈ నేల ఎవరు గీకారని హిందీలో అడిగాడు.

"ఇక్కడ పనిచేసే ఒకాయన" అని చెప్పాను.

"వో కిధర్ హై అభీ?"

ఆయన ఇప్పుడెక్కడున్నాడో ఎనిమిదిళ్ల వాళ్లకీ తెలుసు. మాస్టారు కాలిన చేతుల వంక చూసుకున్నాడు. నేను నేల చూపులు చూశాను.

తర్వాతి శుక్రవారం ఆయన వచ్చాడు. మసిబారిన వంటిల్లు చూశాడు. గోడ మీద చెయ్యి పెట్టి తట్టి చూశాడు. "గోడ నిలిచింది గదా బిడ్డా. పందిరి మాత్రం మళ్ల ఎయ్యకు" అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు.

"బాబాయ్, ఆ లెటర్ రాసింది నేనే."

"తెల్సు. మేనేజర్ సారు సదివి ఇనిపిచ్చిండు. ఇంగ్లీషు మంచిగ రాసినవన్నడు."

ఎత్తిపొడుపు కాదు. నిజంగానే, సొంత కూతురికి మంచి మార్కులొచ్చినట్టు అన్నాడు. ఇంకో సంగతి కూడా అప్పుడే తెలిసింది. చెట్ల మీద చెయ్యి వేయకముందే ఆయన మసీదు దగ్గరికి వెళ్లి, పాత తోట ఓనరైన ముసలాయన్ని పట్టుకుని, వచ్చిన నాలుగు అరబ్బీ ముక్కల్తో అడిగాడట. "తీస్కపో, తీస్కపో అన్నడు బిడ్డా. దండం వెట్టిన." అంటే అనుమతి మొదటి నుంచీ ఉంది. మాలో ఒక్కరమూ అడగలేదు. అడిగి ఉంటే ఆ ఉత్తరంలో రాయడానికి నా నిద్ర తప్ప ఇంకేమీ మిగిలేది కాదు.

ఆ రోజు నుంచీ మేనేజర్‌కి ఇంకో ఉత్తరం రాయాలనుకున్నాను. ఆయన్ని తిరిగి ఇక్కడికి పంపమని, తప్పు మాదని. రాస్తాను, ఈ వారం నైట్లు అయ్యాక రాస్తాను. రాస్తాను, సెలవు నుంచి వచ్చాక రాస్తాను. ఫిర్యాదుకి గంట చాలింది. దాన్ని వెనక్కి తీసుకోవడానికి నాకు పది నెలలు చాల్లేదు. ఆ పది నెలలూ ఆయన బస్సులో వస్తూనే ఉన్నాడు. ఇప్పుడు ఎనిమిదిళ్ల వెనకా గీకేవాడు. ఆయన ఆయాసపడడం చూశాను. నర్సుని, చూసీ ఊరుకున్నాను. "బీపీ చూపించుకున్నారా బాబాయ్" అని మాట వరసకి అడిగి, సమాధానం వినకుండా డ్యూటీకి పోయాను.

చివరి శుక్రవారం కిటికీ పక్క సీట్లో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. నిద్రపోతున్నాడనుకుని నిజ్వా స్టాపులో డ్రైవర్ భుజం తట్టాడట. ఒళ్లో టిఫిన్ డబ్బా, గోనెగుడ్డలో చుట్టిన కొడవలి, మోకు ఉన్నాయి.

కాగితాలయ్యాయి, మనిషి పెట్టెలో ఊరికి వెళ్లిపోయాడు. ఆ తర్వాతి శుక్రవారం పొద్దున పదింటికి సంతాప సభ పెట్టుకుందామని మాస్టారు గ్రూపులో రాశాడు. ఆయన రూమ్మేట్లు నలుగురు ఇబ్రీ నుంచి బస్సులో వచ్చారు. నేను డ్యూటీ దిగి యూనిఫామ్‌తోనే వెళ్లాను.

వెళ్లి చూద్దును కదా, మాస్టారి ఇంటి వెనక గోడకి ఆనించి పందిరి వేశారు. తోటలో కాలకుండా మిగిలిన మూల నుంచి లాక్కొచ్చిన ఎండు మట్టలతో. ఆయన గీకిన నేల మీద, ఆయన ఉంచొద్దన్న చోట, ఆయన కోసం! దాని కింద ప్లాస్టిక్ కుర్చీలు. స్టూలు మీద ఆయన ఫోటో. ఫోటో ముందు కొవ్వొత్తులు, అగరొత్తులు, ఒక నూనె దీపం, అన్నీ వెలుగుతున్నాయి. మాస్టారు కాగితం చూసి చదువుతున్నాడు. "విధి బలీయం. ఆ మహనీయుడు మన నుంచి..."

"విధి కాదు మాస్టారూ" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "విధి కాదు. నా ఉత్తరం, మీ సంతకాలు."

కొవ్వొత్తులు ఒక్కొక్కటీ ఊదేశాను. అగరొత్తుల్ని మట్టిలో గుచ్చాను. పందిరి మట్ట ఒకటి పట్టుకుని లాగాను. ముల్లు దిగి చెయ్యి చీరుకుపోయింది, అయినా వదల్లేదు.

"ఎండగా ఉందని వేశాం మేడమ్" అన్నాడు మాస్టారు, ఏడుపు మొహంతో.

"ఆయన ఎండలో గీకినన్నాళ్లూ ఎవరం పందిరి వేశాం?"

అప్పుడు రూమ్మేట్లలో ఒకతను లేచి పందిరి తాళ్లు విప్పడం మొదలుపెట్టాడు. "అక్కా, కాక ఉంటె గూడ ముందుగాల గిదే పీకుతుండె" అన్నాడు. మిగతా ముగ్గురికీ నవ్వొచ్చింది, నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నారు. ఆ తర్వాత మాస్టారు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. కాలిన మచ్చలు పడ్డ అరచేతులతో వచ్చి మట్టలు మోశాడు. గులకరాళ్ల నేల దాకా అందరం మోశాం. అరగంట పట్టింది.

దీపం ఒక్కటే మిగిలింది. దాన్ని ఆర్పడానికి నాకు మనసొప్పలేదు. చేత్తో పట్టుకుని గోడ దగ్గర నుంచి బయల్దేరాను. ఒకటి, రెండు, మూడు అని పైకే లెక్కపెడుతూ, ఆయన వేసినట్టే కాళ్లు చాపి పది అడుగులు వేశాను. అక్కడి నుంచి తోట వైపు, మంటకి గడ్డి బూడిదైన చోట కూడా పది అడుగుల ఖాళీ ఉందో లేదో చూశాను. పోయిన వారం మొలిచిన గడ్డి నాలుగు పరకలుంటే వంగి పీకేశాను. దీపం నేల మీద పెట్టాను. అందరూ ఎండలో, దూరంగా, గోడ పొడుగునా నిలబడ్డారు. గాలికి దీపం అటూ ఇటూ వంగింది. ఎటు వంగినా దానికి మట్టి తప్ప ఏమీ అందలేదు.