బెల్లం గోడల బావ

మా బావ పోయాడు. ఆ కబురు చుట్టాలకి చెప్పే పని నా మీద పడింది. చెబితే ఒక్కళ్ళూ నమ్మలేదు. సబ్బవరంలో ఉండే పిన్నికి ఫోన్ చేస్తే, "నీ యేసాలు నాకాడ కాదురా, పొద్దున్నే ఆ మాటలేటి?" అని పెట్టేసింది. మాడుగుల చిన్నాన్న ఇంకో అడుగు ముందుకేసి, "ఏదీ, ఆడికే ఇయ్యి ఫోను, ఆడే సెప్తాడు" అన్నాడు. ఇన్నేళ్ళూ అందరినీ ఆటపట్టించినందుకు నాకు దక్కిన మర్యాద అది. చివరికి ఫోన్ బావ భార్యకి, మా అక్కకి, ఇచ్చాను. ఆవిడ ఏడుపు విన్నాకే నమ్మారు.

బావంటే మా మేనత్త కొడుకు, నాకన్నా పెద్దవాడు. అనకాపల్లిలో మా తాత కట్టిన కూనపెంకుల ఇంటికి నడిమధ్య గోడ లేపి, సగం మా నాన్నకీ సగం మేనత్తకీ ఇచ్చారు. నా సగాన్ని నేను పడగొట్టి మేడ కట్టాను. బావ తన సగాన్ని బాగుచేసుకున్నాడు. మేడ కట్టిన నాటినుంచీ నాకొక్కటే కోరిక. "నీ ఇల్లు బాగుందిరా" అని బావ నోటివెంట ఒక్కసారి వినాలి. ఆ మాట అనకుండానే పోయాడు. అందుకు ఏడవాలో తిట్టాలో తెలియక ఇది రాస్తున్నాను.

నా గృహప్రవేశం నాడు అందరూ మా ఇంట్లో భోంచేశారు. చేతులు కడుక్కుని చూసుకునేసరికి హాలంతా ఖాళీ. నా సోఫాలు, నా సీలింగు లైట్లు, అన్నీ నన్నే చూస్తున్నాయి. జనం పక్కింటి నడవలో చాపలేసుకుని గుర్రుపెడుతున్నారు. పురోహితుడు కూడా అక్కడే దొరికాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. బావని చెయ్యిపట్టి లాక్కొచ్చి ఇల్లంతా తిప్పాను.

"ఎలాగుంది బావా?"

"నేల బాగా జారతంది."

"నేల సంగతి కాదు, ఇల్లు!"

బావ మెట్ల కింద నించుని కాసేపు పైకీ కిందకీ చూశాడు. "ఇంకా పచ్చిగుందిరా బామ్మర్దీ. కొంచెం పాతబడనీ, అప్పుడు సెప్తాను."

అలా అని కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. నేను ఆ రోజంతా పళ్ళు నూరుతూనే ఉన్నాను.

తరవాత తన ఇల్లు మొదలుపెట్టాడు. ఊళ్ళో ఎవరైనా పాతిల్లు పడగొడుతున్నారంటే చాలు, పెళ్ళిపిలుపు వచ్చినట్టు బయల్దేరేవాడు. పాయకరావుపేట దాకా వెళ్ళి, విరగని పెంకుల్ని గోనెసంచుల్లో పేర్చి, పసిపిల్లల్ని ఎత్తుకొచ్చినట్టు తెచ్చేవాడు. అలాగని అన్నీ పాతవే పెట్టలేదు. పెరట్లో పశువుల సాల ఉన్నచోట నీళ్ళగదీ మరుగుదొడ్డీ కట్టించాడు. కరెంటు తీగలు దూలం వెనకనించి పోనిచ్చాడు, తలెత్తి చూసినా కనపడవు. అక్కకి గ్యాసు గట్టు పెట్టించాడు గానీ, పొగకి నల్లబడ్డ వాసాల్ని మాత్రం గీకనివ్వలేదు. "కొత్తది ఎట్టుకో, ఒద్దన్లేదు. పాతదానికి అడ్డం రాకుండా ఎట్టుకో" అనేవాడు. ఇంకోసారి మేస్త్రి మీద కేకలేస్తూ, "ఇల్లు ముసిల్దిరా. దానికి మందియ్యాలి గానీ ఏసం మార్చకూడదు" అన్నాడు. గోడ ఇవతల నుంచి నేను విన్నాను. వినడానికే గోడ దగ్గరికెళ్ళాను, అది వేరే సంగతి.

గోడలకి సిమెంటు వద్దన్నాడు. సున్నం, ఇసక, కరక్కాయలు నానబెట్టిన నీళ్ళు, అందులో బెల్లం. పెద్దలు అలాగే పూసేవారట. బెల్లం మార్కెట్టున్న ఊళ్ళో పుట్టి, గోడకి బెల్లం పెట్టడం నేను మాత్రం అప్పుడే చూశాను. వీధంతా మూగి వింతగా చూస్తుంటే నాకు కడుపు రగిలిపోయింది. నా మేడకి పూత పూసినప్పుడు కుక్క కూడా ఆగలేదు మరి. ఊరుకుంటానా? అట్టముక్క మీద "గోడ నాకరాదు" అని పెద్దక్షరాలతో రాసి బావ గుమ్మం పక్కన తగిలించాను. ఇంక బావ ఉడుక్కుంటాడని మేడ మీద నుంచి కాచుకుని చూస్తున్నాను. బావ వచ్చి చదివాడు. లోపలికెళ్ళి బొగ్గుముక్క తెచ్చి, కింద ఇంకో వరస రాశాడు: "బామ్మర్దికి మినహాయింపు."

ఆ అట్ట చాలా రోజులు అక్కడే ఉంది. దారినపోయేవాళ్ళు దాన్ని చదివి, తలెత్తి నా మేడకేసి చూసి నవ్వేవాళ్ళు.

వీటన్నిటికన్నా నన్ను కాల్చింది ఇంకోటి. నా సగం పడగొట్టినప్పుడు స్తంభాల్ని కట్టెల అడితికి తోలేశాను. బావ వాటిలో ఒకదాన్ని తెచ్చి, నిలువునా కోయించి బల్ల చేయించి నడవలో వేశాడు. రోజూ మధ్యాహ్నం మా అమ్మ వెళ్ళి దానిమీద పడుకుంటుంది. నా స్తంభం, నా అమ్మ, బావ నడవ!

"మనింట్లో ఏసీ ఉంది కదే" అని ఒకరోజు బావ నడవలోకే వెళ్ళి అమ్మని గట్టిగానే అడిగాను.

"ఉంటే? సల్లగానే ఉంటాది. తలుపులన్నీ మూసీసుకుంటే నన్ను పలకరించేవోలు ఎవులు?"

"అత్తని నానేటీ రమ్మన్లేదొరే, బల్ల రమ్మంది" అన్నాడు బావ. ఇద్దరూ ఒకటే నవ్వు.

ఇప్పుడు బావ పెద్దకార్యానికి ముందు ఆ ఇంటికి వెల్ల వేయించాలి. "నువ్వు దగ్గరుండి సూడు తమ్ముడూ, నాకు సేతకాదు" అంది అక్క. నిలబడి వేయిస్తున్నాను. నడవలో గోడ దగ్గరికొచ్చి వెల్లవాడు ఆగిపోయాడు. మనిషి కూర్చుంటే తల ఆనే ఎత్తులో, కొబ్బరినూనె జిడ్డు పట్టి, పళ్ళెమంత నల్లటి మరక. సాయంత్రాలు బావ కూర్చునే చోటు అది.

"దీనిమీద కూడా కొట్టీమంటారా బాబూ?"

"ఒద్దు. చుట్టూ కొట్టు" అన్నాను.

వాడు కుంచె అంచుతో జాగ్రత్తగా చుట్టూ వేశాడు. తెల్లటి గోడ మీద బావ తల ఇంకా అక్కడే ఆనుకుని ఉన్నట్టుంది. పోయినవాడి మీద కుళ్ళుకోకూడదంటారు. నేను కుళ్ళుకున్నాను. చచ్చిపోయి కూడా ఇంట్లో చోటు ఉంచుకున్నాడు!

ఇంటికొచ్చి, తలకి ఇంత నూనె రాసుకుని, హాల్లో నేలమీద కూలబడి గోడకి తల ఆనించాను. చాలాసేపు అలాగే ఉండిపోయాను. లేచి చూస్తే సన్నగా, వంకరగా, నా మరక కూడా పడింది. దాన్ని చూసుకుంటూ ఉండగానే మా ఆవిడ వంటింట్లోంచి వచ్చింది.

"ఏటండీ ఆ జిడ్డు, సిన్నపిల్లాడిలాగ!"

తడిగుడ్డ పెట్టి ఒక్క తుడుపు తుడిచింది. మంచి ఖరీదైన రంగు. ఎవరూ ఎప్పుడూ ఆనుకోనట్టు గోడ తళతళా మెరిసింది.