పన్నెండో ఇంటి పొయ్యిలు

మానవశాస్త్రం ఎం.ఏ. చివరి ఏడాది వాళ్లకు మా విశ్వవిద్యాలయంలో రాతపరీక్షతో పాటు ఇంకో పరీక్ష ఉండేది. విద్యార్థి నాలుగు నెలలు ఒక పల్లెలో ఉండి ఇంటింటి వివరాలు రాసుకోవాలి. తరువాత పరీక్షకుడు అక్కడికి వెళ్లి, కొన్ని ఇళ్లలో అవే ప్రశ్నలు అడిగి, జవాబులను నోటుపుస్తకంతో సరిచూడాలి. సగం మార్కులు రాకపోతే విద్యార్థికి ఏడాది పోతుంది. పెద్దముడియం దగ్గర పనిచేసిన శారదను పరీక్షించే బాధ్యత, ఉద్యోగంలో కొత్తగా చేరిన నా మీద పడింది. అలా కడప జిల్లాకు మొదటిసారి బయల్దేరాను.

ముందురోజు ప్రొద్దుటూరులో బస చేసి, ఉదయం ఆరున్నర బస్సెక్కితే గంటలో జమ్మలమడుగు చేరాను. టిక్కెట్టు అరవై నయాపైసలు. అక్కడ బొరుగుల ఉగ్గాణి తిని పెద్దముడియం బస్సు పట్టుకున్నాను. దిగినచోటు నుంచి పల్లెకు మూడు మైళ్లు, నల్లరేగడి దారి, ఎద్దులబండే దిక్కు. బండి తోలే దస్తగిరి నా సంచీ చూసి, "యాడికి సార్? పొలాల కొలతలకా?" అన్నాడు. శారద రాసింది నిజమో కాదో ఊరివాళ్లను అడిగి పరీక్షించడానికి అన్నాను. అతను "పరీక్ష ఆ పాపకైతే మమ్మల్ని అడిగేదేంది సార్?" అన్నాడు.

శారదను వెంటబెట్టుకుని వెళ్లిన మొదటి రెండిళ్లలో మేకల సంఖ్యతో సహా అన్నీ సరిపోయాయి. మూడోది, శారద పుస్తకంలో పన్నెండో నంబరు, ఓబుళమ్మ ఇల్లు. అరుగు మీద తలపాగాల చుట్టాలు ముగ్గురు మజ్జిగ తాగుతున్నారు. పుస్తకంలో "అన్నదమ్ములిద్దరు, వేరుపడి రెండేళ్లు, పొయ్యిలు రెండు" అని ఉంది.

"మీ ఇంట్లో పొయ్యిలెన్ని అవ్వా?" అని అందరికీ వినబడేట్టే అడిగాను.

"ఒకటే సామీ. నా కొడుకులిద్దరూ ఒక కుండ కూడే తింటాండారు."

లోపలికి తొంగిచూశాను. ఒకటే కనబడింది. శారదకు పుస్తకం చూపించాను. ఆమె తల వంచుకుని, "నేనే పొరపాటు రాశాను సార్" అంది. భూమి పంపకం సంగతి అడిగితే ఓబుళమ్మ అంతా ఉమ్మడేనంది. "అదీ పొరపాటే సార్" అంది శారద. మేకలను లెక్కబెట్టిన మనిషి పొయ్యిల లెక్క తప్పుతుందా? ఏమీ అర్థం కాకుండానే మార్కులు కొట్టేశాను. కుటుంబం, భూమి ప్రశ్నలకే ఎక్కువ మార్కులు కావడంతో మిగిలినవి సగానికి తక్కువ.

బండెక్కబోతుండగా ఓబుళమ్మ వెనకసందులోంచి ఆయాసపడుతూ వచ్చింది.

"సామీ, పాప తప్పు రాయలా. రెండో పొయ్యి మీద గంప బోర్లించినాం. అరుగు మీదోళ్లు ముద్దనూరోళ్లు, మా మనవరాలిని చూసేకి వచ్చినారు. అన్నదమ్ములు కలిసుండే ఇల్లు కావాలన్యారు. ఆ బిడ్డను ఫెయిలు చెయ్యాకండి."

శారద వైపు తిరిగి, "నాకైనా చెప్పొచ్చు కదా?" అన్నాను.

"వాళ్ల ముందు ఎలా చెప్పను సార్? నన్ను నమ్మి చెప్పిన మాట అది."

రైలు కోసం జమ్మలమడుగులో నాలుగింటి ముద్దనూరు బస్సెక్కాను. పక్కన కూర్చున్నది ఆ అరుగు మీది పెద్దమనిషే, పెళ్లికొడుకు తండ్రి. కొంతదూరం పోయాక అడిగాడు: "మీరు ఇల్లిల్లూ విచారించినారు గదా సార్. ఆ అన్నదమ్ములు నిజంగా కలిసే ఉండారా?"

అవునంటే అబద్ధం. కాదంటే ఒక పిల్ల పెళ్లి చెడుతుంది. "పుస్తకం ఆ అమ్మాయిదండీ. అందులోది నేను చెప్పగూడదు" అన్నాను. చెప్పేశానో దాచానో నాకే తెలియలేదు. ముద్దనూరులో దిగేటప్పుడు ఆయన నా చెవి దగ్గర, "మా ఇంట్లోనూ పొయ్యిలు మూడు సార్. మీరు రాసుకోవాకండి" అని వెళ్లిపోయాడు.

రైలెక్కాక, కొట్టేసిన మార్కులన్నీ తిరిగి వేశాను. నిబంధన ప్రకారం అది తప్పే, ఎందుకంటే జవాబులకూ పుస్తకానికీ పొంతన లేదు. శారద తెలివిని పరీక్షించానా, ఓబుళమ్మ ఓర్పునా, ఇప్పటికీ స్పష్టంగా చెప్పలేను. ఇలాంటి పని మీద అటు వెళ్లేవారికి ఒక్క మాట: ఒక్కరోజులో తిరిగి రావాలనుకోకండి. మొదటిరోజు పుస్తకం సంచీలోనే ఉంచి, ఎవరింటికి ఎవరొచ్చారో తెలుసుకుని, ప్రశ్నలు మర్నాడు అడగండి.