పదివేల ఏడుకు ప్రధానం

నా చిన్నప్పుడు, ఒక వేసవి ఉదయం, నా నోటి మాట వల్ల పక్కింటి అక్క చదువు ఆగిపోబోయింది. వంటింట్లో చల్ల చిలుకుతున్న వాళ్లమ్మ దగ్గరికి ఉరికి, "పెద్దమ్మా, అక్కకు ప్రధానమైందట! జంట గూడ దొరికిందట!" అన్నాను. ఆమె చేతిలో కవ్వం ఆగిపోయింది. పెరట్లో ఎద్దులకు గడ్డి వేస్తున్న పెద్దనాన్నకూ ఆ మాట వినపడింది.

మాది దమ్మపేట దగ్గరి పల్లె. అక్క ఖమ్మంలో డిగ్రీ చదువుతూ సెలవులకు వచ్చింది. ఇంకా ఒక ఏడాది చదువు మిగిలి ఉంది. ఆ పొద్దున కొట్టం గోడ మీద బొగ్గుతో లెక్కలు వేస్తూ, ఉన్నట్టుండి "ప్రధానమే! జంట గూడ దొరికింది!" అని గంతేసింది. మా వైపు పెళ్లి ఖాయం చేసుకునే వేడుకను ప్రధానం అంటాం. నాకు తెలిసిన ప్రధానం అదొక్కటే.

పెద్దనాన్న అరవలేదు. అందుకే ఎక్కువ భయమేసింది. "మాకు చెప్పకుండనే చేసుకున్నవా బిడ్డా? ఇగ కాలేజీ బంద్" అని మాత్రం అన్నాడు.

అక్క తెల్లబోయి నా వంక చూసింది. సంగతి అర్థమయ్యాక, నవ్వు ఆపుకుంటూ లోపలికి వెళ్లి గుప్పెడు చింతగింజలు తెచ్చింది. తండ్రి ముందు ఆరు గింజలు రెండు సమాన వరుసలుగా పేర్చింది. ఇంకొకటి కలిపి, "ఇప్పుడు నువ్వు పేర్చు నాన్నా" అంది. ఆయన రెండు వరుసలు చేశాడు, మూడు చేశాడు. ప్రతిసారీ ఒక గింజ బయటే ఉండిపోయింది.

"గిట్ల ఒకటే వరుసగ తప్ప సమంగ పేర్చరాని లెక్కనే మా పుస్తకంల ప్రధాన సంఖ్య అంటరు. పదివేల ఏడు గట్లాంటిదే. వందలోపు ప్రధాన సంఖ్యలన్నిటితోని భాగించి చూసిన, ఒక్కదానితోని గూడ సమంగ పోలే. ఒక్కటి విడిస్తే పదివేల తొమ్మిది. అదీ గంతే. అందుకే రెంటినీ జంట అంటరు."

"అంటే పిలగాడు లేడా?"

"లేడు నాన్నా."

పెద్దనాన్న గోడ మీది లెక్కల వైపు వేలు చూపాడు. "నడుమ పదివేల ఎనిమిది అడ్డమున్నది గదా, గదేం జంటనే?"

పెద్దమ్మ ఫక్కున నవ్వింది. పెద్ద ప్రధాన సంఖ్యల నడుమ సరిసంఖ్య ఒకటి తప్పదని, అంతకన్నా దగ్గరికి అవి రాలేవని అక్క చెప్పింది. ఆయన గింజలన్నీ ఏరి ఆమె చేతిలో పోసి, "కాలేజీ ఎప్పుడు తెరుస్తరు మరి?" అన్నాడు.

అక్క నన్ను తిట్టలేదు. గోడ దగ్గరికి తీసుకెళ్లి బొగ్గుముక్క చేతికిచ్చి, "ఇగ మాట మోసే ముందు 'ఏ ప్రధానం?' అని అడుగు, తెలిసిందా?" అంది. తర్వాత పత్రికలో పనిచేసినన్నాళ్లూ, ఎవరేం చెప్పినా నాకు ముందు ఆ ప్రశ్నే తోచేది. ఇప్పటికీ తోస్తుంది.

లెక్కపెట్టుకుంటూ ఎంత దూరం పోయినా అలాంటి జంటలు దొరుకుతూనే ఉంటాయా, లేక ఎక్కడో ఆఖరి జంట ఒకటి ఉందా అన్నది ఎవరూ రుజువు చేయలేదని కూడా ఆ రోజే చెప్పింది. అక్క లెక్కల టీచరుగా పనిచేసి రిటైరైంది. మొన్న ఫోన్లో అడిగాను. ఇంకా తేలలేదట.