మెకానిక్ వస్తే వేడెక్కే మిషను

బట్టలు ఆరబెట్టే మిషను కొందామని పోరుపెట్టింది నేనే. బోధన్‌లో ముసురు పట్టిందంటే పిల్లల యూనిఫాంలు రోజుల తరబడి ఆరేవి కావు. వాళ్లు ముక్కిన వాసనతో బడికి వస్తుంటే, అదే బడిలో పాఠాలు చెప్పే నాకు తల కొట్టేసినట్టుండేది. మా ఆయన చెవిలో జోరీగలా మోగి మోగి, చివరికి నిజామాబాద్ నుంచి మిషను తెప్పించి వెనక వసారాలో పెట్టించాను.

ఇల్లంతా సంబరపడింది, మా అత్తమ్మ తప్ప. అప్పటిదాకా బట్టలారేయడం ఆమె రాజ్యం. కందకుర్తి వైపు ఆకాశం నల్లబడితే మా డాబా మీద చినుకు ఎప్పుడు పడుతుందో ఆమెకు తెలుసు. చినుకు కంటే ముందే మెట్లెక్కి బట్టలు దించేది. ముసురు రోజుల్లో గదుల్లో అడ్డదిడ్డంగా తాళ్లు కట్టి, ఏ తాడు మీద ఎవరి బట్టలో తానే నిర్ణయించేది. మిషను వచ్చిన రోజు ఆ తాళ్లన్నీ చుట్టచుట్టి మేకుకు తగిలించింది.

"ఇగ నాకు ఈడ ఏం పనున్నది బిడ్డా? మిషిన్ మంచిగ నడిస్తే నేను కోటగిరి పోత. పెద్దోడు ఎప్పటిసంది రమ్మంటుండు" అంది.

పెద్దోడంటే మా బావ. కోటగిరిలో కాలువ కింద వరి పండిస్తాడు. అక్కడికి పోతే ఆమెకు లోటేమీ ఉండదు. లోటంతా నాకే. నేను బడి నుంచి వచ్చేసరికి చాయ్ పెట్టి, వీధిలో జరిగినవన్నీ నాకోసం దాచి ఉంచి చెప్పే మనిషి ఆమె. ఆమె లేని ఇంట్లోకి సాయంత్రం అడుగుపెట్టడం తలచుకుంటేనే దిగులేసేది. ఉండమని బతిమాలితే "పని లేని ఇంట్ల కూసోని తినుడు నాతోని గాదు" అని తేల్చేసేది.

మిషను కొత్తలో బుద్ధిగానే పనిచేసింది. తర్వాత దానికి తిక్క పుట్టింది. ఒకరోజు బట్టలు వేయించిన అప్పడాల్లా వేడివేడిగా బయటికి వచ్చేవి. మరోరోజు అంతసేపూ గిరగిర తిరిగి, వేసినవి వేసినట్టే తడిగా వచ్చేవి. తిరగడం ఆగదు, వేడి మాత్రం ఉండదు.

మా ఆయనకు ఎరువుల దుకాణం ఉంది. ఏ యంత్రానికి ఏ రోగం వచ్చినా ఆయన ముందు కరెంటును తిడతాడు. "పొలాల కాడ మోటార్లన్ని ఒక్కపారే నడుస్తున్నయి. వోల్టేజి సరిపోతలేదు" అన్నాడు. బయట కుండపోత వాన. అంత వానలో ఏ రైతు మోటారు వేశాడో ఆయనకే తెలియాలి. స్టెబిలైజర్ తెచ్చి తగిలించినా మిషను తిక్క వదల్లేదు. నేను మిషనుతో వచ్చిన పుస్తకం తిరగేసి, బట్టల నూగు పట్టే జాలీని బయటికి తీసి పాత బ్రష్షుతో తోమాను. ఆ రోజు వేడెక్కింది. నేను గొప్పలు చెప్పుకోవడం పూర్తి కాకముందే మళ్లీ చల్లబడింది.

ఇక నిజామాబాద్ నుంచి మెకానిక్ వచ్చాడు. తడి దుప్పటి వేసి స్విచ్చి నొక్కగానే మిషను కుతకుతలాడింది. "ఏం రోగం లేదక్కా, ఫస్టుక్లాసున్నది" అని చెప్పి వెళ్లిపోయాడు. మర్నాడు మళ్లీ చల్లగా తిరిగింది. మళ్లీ పిలిచాం, మళ్లీ అతని ముందు వేడెక్కింది. 

"మీ అత్తమ్మ చాయ్ మంచిగనే పెడతది గని, దానికోసం ఎన్నిసార్లు రావాలె అక్కా?" అన్నాడు.

"నువ్వంటే దానికి భయమున్నట్టున్నది. నీ ఫోటో ఒకటి ఇచ్చిపో, మిషిన్ మీద అతికిస్త" అన్నాడు మా ఆయన.

వేడి రాని రోజు నేను "అత్తమ్మా" అని పిలిచేలోపే తాళ్లు మేకు దిగేవి. పడకగదిలో తడి ప్యాంట్లు మా ఆయన నెత్తికి తగిలేవి. అత్తమ్మ ముఖం మాత్రం కళకళలాడేది. "గిట్ల తడిబట్టలల్ల మిమ్ముల ఇడిసిపెట్టి ఎట్ల పోత? మిషిన్ మంచిగైనంక సూద్దాం" అనేది.

ఒక శనివారం వానకు బడి తొందరగా వదిలేశారు. ఇంటికొచ్చి బట్టలు మిషనులో వేసి నడిపించాను. వేడి లేదు. ఈసారి అటూ ఇటూ తిరిగి దాని వెనక్కి తొంగిచూశాను. వేడిగాలి బయటికి వచ్చే రంధ్రం మీద, మడతలు పెట్టి పరిచిన అత్తమ్మ నేతచీర!

విషయం అప్పుడు బోధపడింది. గాలి బయటికి పోయే దారి లేక లోపల వేడి ముదురుతోంది. అది హద్దు దాటగానే మిషను తనంతట తానే వేడిని ఆపేస్తోంది. పరాయి మగమనిషి ఇంట్లోకి వస్తున్నాడంటే అత్తమ్మ తన చీర తీసి లోపల పెట్టుకుంటుంది. మెకానిక్ ముందు మిషను మర్యాదగా నడవడంలోని రహస్యం అదీ.

అత్తమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

"చీర మిషిన్ లోపలనే వెయ్యచ్చు గదా?" అన్నాను.

"పిల్లల లాగులతోని నా చీర గిరగిర తిరుగుడా? ఎచ్చటి గాలి ఉట్టిగ గోడకు కొడుతున్నదని ఈడ ఆరేసిన." గొంతు తగ్గించింది. "ముందుగాల నాకు తెల్వదు బిడ్డా. చీర ఏసిన్నాడే అది సల్లవడుతున్నదని తర్వాత సమజైంది."

"మరి తియ్యలేదేంది?"

"తియ్యబుద్ధి కాలే."

నాకు నవ్వొచ్చింది. ఆమె ముఖం చూసి ఆపుకున్నాను. ఆమె చీర తీసి భుజాన వేసుకుని, "ఇగ దానికి రోగం లేదు. పెద్దోనికి ఫోన్ చేస్త, రేపచ్చి తోల్కపోతడు" అంది.

ఆదివారం బావ కారు తెచ్చాడు. అత్తమ్మ సంచి గుమ్మం దగ్గర ఉంది. బయట జల్లు ఆగడం లేదు. మా ఆయన మిషను అద్దం మీద అరచేయి పెట్టి, "సూడన్నా, పొయ్యి లెక్క కాలుతున్నది" అని మురిసిపోతున్నాడు. అందరూ చాయ్ తాగుతుంటే నేను వసారాలోకి పోయి, నా తడి తువ్వాలును మిషను వెనక రంధ్రం మీద పరిచి వచ్చాను.

చాయ్ అయ్యాక మా ఆయన తలుపు తీసి తడి చొక్కా పట్టుకుని నిలబడిపోయాడు. "మళ్ల సల్లవడ్డది!"

"మెకానిక్‌ను పిలువున్రి" అన్నాడు బావ.

"మెకానిక్‌తోని అయ్యేది గాదు బావా. ఈ వానకాలం అత్తమ్మ ఈడనే ఉండాలె. తాళ్లు కట్టుడు మాకెవ్వరికి రాదు" అన్నాను.

అత్తమ్మ నా వైపు చూసింది. తర్వాత వసారాలోకి పోయి, ఎంతోసేపు మిషను వెనక ఏదో సర్దింది. తాళ్లు చేతిలో పట్టుకుని తిరిగొస్తూ నా పక్కన ఆగి, ఎవరికీ వినబడకుండా చెప్పింది.

"తువ్వాల గట్ల పరుస్తరా బిడ్డా? పక్కలకెల్లి గాలి పోతున్నది. డబల్ మడత పెట్టచ్చిన."