తెల్లవి మూడు, మాడుది ఒకటి

నిన్న పొద్దున ఎదురింటివాళ్ళ పొమెరేనియన్ కుక్కని దువ్వే దువ్వెన ఒకటి మెట్ల మీద పడి ఉంది. దాని పళ్ళ నిండా చిక్కుకున్న మెత్తటి బొచ్చు, జీడిపప్పు మీద ఒలవకుండా మిగిలిన పొర రంగులో ఉంది. తీసుకెళ్ళి ఇస్తే ఆ ఇంటావిడ మురిసిపోతూ, తెల్లవి ఎక్కడ పడితే అక్కడ దొరుకుతాయనీ, ఈ రంగుది కావాలని ఏరి తెచ్చుకున్నామనీ చెప్పింది. నేను నవ్వాను. నవ్వుతూనే కుడిచేతి బొటనవేలిని కొంగులో దాచుకున్నాను. అరవై ఏళ్ళు కావస్తున్న అలవాటు అది.

మాది పలాస. నేను చెప్పేది అరవయ్యో దశకం చివరి మాట. మా తాతకి ఉద్దానంలో జీడితోటలూ కొబ్బరితోటలూ, ఇంటి పెరట్లో జీడిపిక్కలు వేయించే బట్టీ ఉండేవి. ఎండాకాలం వచ్చిందంటే తోటల నుంచి బళ్ళ మీద పిక్కల బస్తాలు, వాటి వెనకే బుట్టల్లో జీడిమామిడి పళ్ళు దిగేవి. గొంతు పట్టేసే ఆ పళ్ళని ఉప్పు అద్దుకుని తింటూ, రసం మోచేతుల దాకా కారుతుంటే గౌన్ల నిండా మరకలు చేసుకునేవాళ్ళం, ఆ మరక గౌను చిరిగిపోయినా పోయేది కాదు. పనసపండు కోసినా, పండక్కి అరిసెల పాకం పట్టినా, ఆ వాసనల్ని బట్టీ పొగ మింగేసేది. రేకుల కింద వరసగా కూర్చుని, చేతులకి బూడిద రాసుకుని, చిన్న కర్రలతో పిక్కలు కొట్టే ఆడవాళ్ళ చప్పుడు పొద్దుట మొదలైతే దీపాలు పెట్టేదాకా ఆగేది కాదు. వాళ్ళ చేతులు మణికట్టు దాకా నల్లగా ఉండేవి. వాళ్ళు అలాగే పుట్టారనుకునేదాన్ని.

ఒలిచిన పప్పు సాయంత్రానికి చేటల్లో తాత ముందుకి వచ్చేది. అరుగు మీద వాలుకుర్చీలో కూర్చుని, వేలితో కదుపుతూ, తెల్లగా నిండుగా ఉన్నది ఒక పక్కకీ, కాస్త మాడింది ఇంకో పక్కకీ తోసేవాడు; మచ్చ పడ్డదీ విరిగిందీ మా ఇంటి పాయసానికి. ఆ కంటితోనే ఆయన లోకాన్నంతా ఏరేవాడు. మా పెదనాన్న కూతురు తెల్లది. నేను మాడుదాన్ని. అది ముద్దుపేరని చాలా రోజులు సంబరపడ్డాను కూడా. మామ్మ ప్రతి ఆదివారం శనగపిండిలో పసుపు కలిపి నన్ను పెరట్లో నిలబెట్టి రుద్దేది, చర్మం మండి ఏడిస్తే "తోమితే గిన్నె తెల్లబడదేటే, నువ్వెందుకు తెల్లబడవు" అని ఇంకాస్త గట్టిగా రుద్దేది.

కొండల్లో నక్సలైట్ల గొడవలు మొదలై, ఉద్దానం రోడ్ల మీద పోలీసు జీపులు తిరుగుతున్న రోజులవి. తోటలున్న ప్రతివాడికీ అధికారుల దయ అవసరమైంది. జీడిపప్పూ పనసపళ్ళూ అందరూ పంపేవే కాబట్టి, ఎవరూ పంపనిది పంపాలని తాత బరంపురం వెళ్ళి లిల్లీ అనే తెల్ల పొమెరేనియన్ని తెచ్చాడు. ఇచ్ఛాపురంలో ఒక రైల్వే ఉద్యోగి ఇంట్లో తెల్ల మగది ఉందని తెలిస్తే, లిల్లీని బుట్టలో పెట్టుకుని తనే రైలెక్కాడు. తిరిగొచ్చాక దాన్ని ఒక గదిలో ఉంచి, తాళంచెవి సింహాద్రి మొలతాడుకి కట్టించాడు. సింహాద్రి మా పాలేరు, బట్టీలో పిక్కలు కొట్టే దాలమ్మ మొగుడు. పుట్టబోయే పిల్లలు ఇన్‌స్పెక్టరుకొకటి, తాసీల్దారుకొకటి, డాక్టరుకొకటి అని ముందే పంపకం అయిపోయింది. నాకూ ఒకటి కావాలని అడిగాను.

"మాడుగుంటకి తెల్లకుక్కేటే" అన్నాడు తాత. మా వైపు ఆడపిల్లని గుంట అంటారు. అరుగు మీద ఉన్నవాళ్ళందరూ నవ్వారు.

పుట్టినవి నాలుగు. మూడు తెల్లవి, ఒకటి జీడిపొర రంగుది. తాత వాటిని చేటలో పప్పుని చూసినట్టే చూసి, సింహాద్రిని పిలిచాడు.

"తలుపెప్పుడు తీసినావురా? ఏ వీధికుక్క సొరబడింది?"

"నాను తీయనేదు బాబూ. తాళంసెవి నా మొలకే ఉంది."

అతను తీయలేదని నాకు తెలుసు. నా మంచం ఆ గది ఎదురుగానే ఉండేది. అయినా నన్నెవరూ అడగలేదు, నేనూ నోరు మెదపలేదు. తాత బెల్టు తీశాడు. పెరట్లో పిక్కలు కొట్టే చప్పుడు ఒక్కసారి ఆగిపోయి, తాత అటు తలతిప్పగానే మళ్ళీ మొదలైంది. దాలమ్మ కూడా తల వంచుకుని కొడుతూనే ఉంది. ఎర్రపిల్ల ఏదని అడిగితే, మూలపేటలో చుట్టాలింటికి పంపేశామని మామ్మ చెప్పింది. నమ్మాను. రంగు తేడా వచ్చిన కుక్క అధికారులకి వెళ్ళదన్నమాట, మన వాళ్ళకే వస్తుందన్నమాట అనుకున్నాను. మచ్చ పడ్డ పప్పు మాకు మిగిలినట్టే, మచ్చ పడ్డ కుక్కపిల్ల నాకు మిగులుతుందని అనిపించింది.

తెల్లపిల్లలు మూడూ కళ్ళు తెరిచి తప్పటడుగులు వేసేదాకా ఆగాను. మూడింటిలోకీ చిన్నది నా గౌను అంచు నోట్లో పెట్టుకుని చప్పరించేది, దాన్నే ఎంచుకున్నాను. ఒక మధ్యాహ్నం బట్టీ ఆడవాళ్ళు గంజి తాగడానికి లేచినప్పుడు, సరిగా వేగని పిక్క తొక్క ఒకటి దొంగతనంగా తెచ్చి, దాని వీపు మీద పెట్టి బొటనవేలితో నొక్కి చమురు పిండాను. గౌను మీద పడే మరకలాగా బొట్టుబిళ్ళంత మచ్చ చాలనుకున్నాను. మచ్చ పడింది. కాసేపటికి అది అరవడం మొదలుపెట్టింది, నా వేలు మండడం మొదలుపెట్టింది. దాలమ్మ చేతులు నల్లగా పుట్టలేదనీ, రోజూ కాలి కాలి నల్లబడ్డాయనీ నాకు అప్పుడు తెలిసింది, ఆ చేతులు ఒలిచిన పప్పుతో తొమ్మిదేళ్ళు పాయసం తాగాక. మర్నాటికి పిల్ల వీపు మీద బొచ్చు ఊడి, బొబ్బ చితికింది. నొప్పి తగ్గించాలని నాకి నాకి లిల్లీ మూతి కూడా పుండయింది.

తాత వచ్చి చూసి మొహం తిప్పుకున్నాడు. "ఇదీ మాడుదే. తీసుకుపోరా" అన్నాడు.

సింహాద్రి గోనెసంచి తెచ్చాడు. దాని అడుగున రెండు ఇటుకలు ఉన్నాయి. పెరటి గుమ్మం దగ్గర అడ్డం వెళ్ళి, మూలపేటలో ఎవరింటికని అడిగాను.

"మూలపేటా నేదు, ఏటీ నేదు పాపా. ఎనకటిదీ గెడ్డలోకే, ఇదీ గెడ్డలోకే."

గెడ్డ అంటే మా ఊరి వెలుపల పారే వాగు, దసరా సెలవుల్లో మేం ఈతకి దిగేది. నేను నిలబడిపోతే, అతను నా చెయ్యి పట్టుకుని బొటనవేలు తిప్పి చూశాడు. ఆ గాయం అతను రోజూ ఇంట్లో చూసేదే.

"జీడిసమురు. నువ్వే కదా రాసినావు. పుట్టుమచ్చ కాదు, పుండు, మానిపోద్దని మీ తాతకి సెప్పు. సెప్తే బతుకుద్ది. నాను సెప్తే నన్నే కొడతాడు."

తాత అరుగు మీదే ఉన్నాడు, గట్టిగా పిలిస్తే వినిపించేంత దూరంలో. సింహాద్రి సంచి కింద పెట్టి, నేను వెళ్తానేమోనని కాసేపు ఆగాడు. అతను అటు తిరిగినప్పుడు వీపు మీద బెల్టు వాతలు కనిపించాయి. నాకు భయమేసింది. చెయ్యి లాక్కుని గౌను మడతలో దాచుకున్నాను. అతను సంచి భుజానికెత్తుకున్నాడు. రోడ్డు మలుపు దాకా లోపల అది మూలుగుతూనే ఉంది. మిగిలిన రెండూ వెళ్ళాల్సిన ఇళ్ళకి వెళ్ళాయి, డాక్టరుగారికి పిల్ల బదులు పనసపండు వెళ్ళింది.

ఇప్పుడు ఆ బట్టీ లేదు, పిక్కల్ని యంత్రాలు కోస్తున్నాయట. తోటల్లో సగం తుపానుకి పడిపోయాయి. తాత వాలుకుర్చీ ఎవరింట్లో ఉందో తెలియదు. ఎప్పుడో ఒక పశువుల డాక్టరు మాటల్లో చెప్పాడు, తెల్ల పొమెరేనియన్‌కి కూడా ఒక్కోసారి ఎర్రపిల్ల పుడుతుందని, వెనకటి తరాల రంగు అలా బయటికొస్తుందని, దానికీ తలుపు తాళానికీ సంబంధం లేదని. ఆ మాట వినాల్సిన సింహాద్రి అప్పటికి చనిపోయి చాలా ఏళ్ళయింది. దాలమ్మ కూడా లేదు.

నిన్న దువ్వెన ఇచ్చి లేవబోతుంటే ఎదురింటావిడ ఆగమని చెప్పి, ఆ ఎర్రకుక్కని తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. అది నా చీర కుచ్చెళ్ళు వాసన చూసి, మూతితో కొంగుని పక్కకి తోసి, బొటనవేలి పాత మచ్చ మీద నాకడం మొదలుపెట్టింది.

"అయ్యో, ఎలా కాలిందండీ అంత పెద్ద మచ్చ" అని అడిగిందావిడ.

చిన్నప్పుడు వంటింట్లో కాలిందని చెప్పాను.